పులికి రావలసిన జవాబు

ఈ సంగతి చెప్పడం నాకు ఇదే మొదటిసారి కాదు. మా చదువుగది సభలో ఒకసారి చెప్పబోతే మధ్యలో టీ వచ్చిందని అందరూ లేచిపోయారు. రెండు పత్రికలకు రాసి పంపాను. అందిందని ఒక కార్డు ముక్క కూడా రాలేదు. ఆఫీసులో పక్క కుర్చీ ఆయనకు చెప్పాను. ఆయన సగం విని, "ఇంతకీ మీ బాధ పుస్తకం గురించా, పులి గురించా?" అన్నాడు. రెండింటి గురించీ అని నేను చెప్పేలోగా ఫైలు తెరుచుకున్నాడు. ఆయన ఉద్యోగం చాలించుకున్న రోజున, మెడలో దండ ఉండగానే, ఆ మాట గుర్తుచేశాను. ఆయనకు గుర్తులేదు. నాకుంది.

అందుకని ఈసారి మొదటినుంచీ వరసగా కాయితం మీద పెడుతున్నాను. కాయితం టీ తాగడానికి లేచిపోదు.

అవి పుదుచ్చేరి చేతులు మారిన ఏళ్ళు. ఫ్రెంచివాళ్ళ జెండా దిగింది, మన జెండా ఎక్కింది. కానీ అక్కడ పారిస్‌లో వాళ్ళ సభ ఊరు అప్పగించే ఒప్పందానికి ఇంకా ఆమోదం తెలపలేదు. ఊరు మనదే, కాయితాల్లో మాత్రం ఇంకా కాదు. నేను యానాంలో ఫ్రెంచి దొరతనం కింద గుమాస్తాగా చేరినవాణ్ణి. నన్ను ఇక్కడికి బదిలీ చేశారు. వచ్చినప్పటినుంచీ, నా సీనియారిటీ ఏనాటినుంచి లెక్కపెడతారో చెప్పమని అడుగుతూనే ఉన్నాను. "ఇంకా తేలలేదు" అనేవారు. మొదట్లో ఆ మాట ఫ్రెంచిలో అనేవారు, తర్వాత ఇంగ్లీషులో అన్నారు. మద్రాసునుంచీ ఆంధ్రనుంచీ కొత్త అధికారులు వచ్చేవారు. నా అర్జీ పూర్తిగా చదివిన అధికారికల్లా బదిలీ అయ్యేది.

ముదలియార్‌పేటలో ఒక ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాను. ఇంటాయన పాత పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని చేసేవాడు. ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది రాసేది అరవం. పుస్తకాల వీపు మీద బంగారు అక్షరాలు కొట్టాలి కాబట్టి ఇంటాయనకు ఫ్రెంచి అక్షరాలు కూడా తెలుసు. తెలుగు లిపి మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. ఆయన తల్లిని వీధి వీధంతా అవ్వ అనేవారు. నేను దిగిన రోజున నా పెట్టెలో పంచాంగం చూసి, ఒక పుట మీద వేలితో తడిమింది.

"మనం మాట్లాడేది రాస్తే ఇట్ల ఉంటాదా? బో గుండ్రంగా ఉండాదే" అంది.

"చదవడం నేర్పమంటావా అవ్వా?"

"ఇప్పుడు నేర్చుకొని నేను యాడ ఉద్యోగానికి పోవాల? నువ్వు చదువు, నేను వింటా."

నన్ను ఆమె ఏనాం నాయనా అని పిలిచేది. నేను మాట్లాడుతుంటే పాట పాడినట్టు ఉందని నవ్వేది. ఆ నవ్వును నేను తప్పు పట్టలేదు. నేను తప్పు పట్టనివి చాలా తక్కువ, అందుకని రాస్తున్నాను.

ఇక అసలు కథ. అది మీకందరికీ తెలిసిందే. కూతురింటికి అడవి దారిన పోతున్న ముసలమ్మను పులి అడ్డగిస్తుంది. ఇప్పుడు ఎముకలు తప్ప ఏమీ లేవు, కూతురింట్లో తిని ఒళ్ళు చేసి తిరిగి వస్తాను, అప్పుడు తిందువుగాని అని ముసలమ్మ మాట ఇస్తుంది. పులి నమ్మి దారి వదులుతుంది. తిరుగుదారిలో ముసలమ్మ పెద్ద గుమ్మడికాయ తొలిపించి, అందులో కూర్చుని దొర్లుకుంటూ వస్తుంది. ముసలమ్మను చూశావా అని పులి గుమ్మడికాయను అడుగుతుంది. చూడలేదని లోపలినుంచి జవాబు. ముసలమ్మ ఇల్లు చేరుతుంది, పిల్లలు నవ్వుతారు, కథ అయిపోతుంది.

చిన్నప్పుడు నేను నవ్వలేదు. "మరి పులి?" అని మా మేనత్తను అడిగాను. "పులికేం, అక్కడే ఉంటుంది, పడుకో" అంది. నాకది మింగుడు పడలేదు. మాట ఇచ్చిన మనిషి ఇంటికి పోయి అన్నం తింటోంది. నమ్మినవాడు దారిలో నిలబడి ఉన్నాడు. అందరూ నవ్వుతున్నది నమ్మినవాణ్ణి చూసి. మా మేనత్త చాలా మంచి మనిషి, నాకు ఎన్నో చేసింది. ఆ ఒక్క మాట మాత్రం ఆమె అలా అనకుండా ఉండవలసింది.

యానాంనుంచీ ఆంధ్రనుంచీ వచ్చిన ఉద్యోగులం కొందరం కలిసి ఒక గది అద్దెకు తీసుకుని తెలుగు చదువుగది పెట్టుకున్నాం. యానాంలో ఎవరో పాత ఇల్లు ఖాళీ చేస్తూ ఒక పెట్టె నిండా పుస్తకాలు పంపారు. చాలావాటికి అట్టలు లేవు, పేరున్న మొదటి పుటలు లేవు, దారాలు తెగి లోపలి ఫారాలు, అంటే మడిచి కుట్టిన పుటల కట్టలు, విడిపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పురుగు అన్నింటినీ సమానంగా తిన్నది. చదువుగది కార్యదర్శి వాటిని మూట కట్టించి మా ఇంటాయనకు పంపాడు. తెలుగు చదవడం రాని మనిషికి తెలుగు పుస్తకాలు ఇస్తున్నాం, ఒకసారి వరస చూసి ఇద్దామని ఆ కార్యదర్శికి తోచలేదు. అదే ఇంట్లో నేను అద్దెకు ఉన్నానని కూడా తోచలేదు.

ఒక ఆదివారం పొద్దున ఇంటాయన నన్ను పిలిచాడు. బల్ల మీద పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపిన జిగురు గిన్నె, పక్కన అప్పుడే కుట్టి అంచులు కోసిన పుస్తకం.

"సారూ, దీని పేరు ఏందో కొంచెం చూసి చెప్పండి. వీపు మీద కొట్టాల."

పేరు కోసమే మొదటి పుట తెరిచాను. పేరు లేదు, రాసినవారి ఊసు లేదు. పై వరస నుంచే కథ మొదలవుతోంది. గుమ్మడికాయ దొర్లిపోయిందట. పులి అక్కడే ఉందట.

నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. ఆరేళ్ళ వయసులో నేను అడిగితే మా ఇంట్లో ఎవరూ పట్టించుకోని ప్రశ్న, ఎవరో, ఎక్కడో, నా మొహం కూడా ఎరగని మనిషి విన్నాడు. విని ఊరుకోలేదు. కూర్చుని ఒక పుస్తకం రాశాడు.

"ఏంది సారూ, పేరు అంత పెద్దదా?" అన్నాడు ఇంటాయన.

"పేరు లేదండీ."

"పేరు లేకుంటే ఎట్ల? వీపు బోసిగా ఉంటాదే. ఏదన్నా ఒకటి చెప్పండి, కొడతా."

పులి అని కొట్టమన్నాను. ఆయన దగ్గరున్న అచ్చు అక్షరాలు అరవంవే కాబట్టి అరవంలోనే కొట్టాడు. ఆ తడి జిగురు పుస్తకాన్ని చదువుగదికి పోనివ్వకుండా, వాళ్ళ చిట్టాలో నా పేర రాయించి నేనే ఉంచుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి వీధి అరుగు మీద కూర్చుని పైకి చదివేవాణ్ణి. అవ్వ స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని వినేది. ఇంటాయన చేతిలో సూదీ దారం ఆడుతూనే ఉండేవి. దారిన పోయేవాళ్ళు ఆగితే అవ్వ వాళ్ళకు అంతవరకు జరిగింది అరవంలో చెప్పేది. ఆమె చెప్పేటప్పుడు నేను ఆగాలి. మొదట విసుగేసింది. తర్వాత ఆమె నోట అరవంలో విన్నా ఆ కథ చెక్కుచెదరలేదని గమనించి నాకు ఆశ్చర్యం కలిగింది.

ఆ రచయిత ఊహ ఎలాంటిదో నేను చెప్పగలిగినంత చెబుతాను. ఆ అడవిలో ఎవరైనా మాట ఇస్తే, అది నెరవేరేదాకా ఇచ్చినచోటే నిలబడి ఉంటుంది. ముసలమ్మ మాట కూడా అలాగే దారి మధ్యన నిలిచిపోయింది. చలిరోజు పొద్దున నోటినుంచి వచ్చే ఆవిరిలా, మనిషంత ఎత్తున. పక్షులు దాన్ని తప్పించుకుని ఎగిరేవి. వాన పడితే కరిగిపోతుందేమోనని పులి దాని మీదికి వంగి, తన వీపు మీద వాన పడనిచ్చేది. ముసలమ్మ తిరిగి వచ్చినప్పుడు తన మాట తనకు కావాలి కదా, అప్పటిదాకా చెడకూడదని పులి అనుకుంది. తనను మోసం చేశారని దానికి తెలియదు. ముసలమ్మకు ఒంట్లో బాగాలేదేమో, కూతురు పంపడం లేదేమో అనుకునేది.

ఆ పుట చదివాక నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంటాయన సూది ఆపాడు.

"పావం, నోరులేని జీవం" అంది అవ్వ.

కురుచికుప్పంనుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఒకామె ఆ వేళకు అక్కడే దించుకుని కూర్చునేది. అవ్వ చెప్పింది విని, గుమ్మడికాయ నోరు తెరిచి మాట్లాడుతుంటే అనుమానం రాని పులికి తన మొగుడి తెలివే ఉందని అరవంలో అంది. అవ్వ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. మర్నాడు ఆ చేపలామె మళ్ళీ వచ్చి కూర్చుంది. పులికి వాన తగ్గిందా అని అడిగింది.

మాట మాటే కాబట్టి పులి కూడా తన ఆకలిని ఆ ముసలమ్మకే అట్టిపెట్టింది. వేరే దేన్నీ వేటాడలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ దాని ఒంటి మీది చారలు ఒక్కొక్కటే జారి నేల మీద పడి, పాకుకుంటూ అడవిలోకి పోయి, దారులుగా మారిపోయాయి. ఆ దారులు ఎవరింటికీ చేరవు. కూతుళ్ళను చూడబోయిన తల్లులు వాటిలో పడి తిరుగుతూ ఉండిపోతారు. ఒక మనిషి తప్పిన మాటకు ఊళ్ళ మధ్య రాకపోకలు తెగిపోయాయి. ఇంత చిన్న పిల్లల కథలోంచి ఇంత పెద్ద అడవిని ఎలా బయటికి తీశాడు ఆ మనిషి? ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

అక్కడ ముసలమ్మ ఇంటి పెరట్లో ఆ గుమ్మడికాయ గింజలు మొలిచాయి. తీగ ఇంటి కప్పంతా అల్లుకుంది. కాసిన ప్రతి కాయా, ఎవరూ అడగకుండానే, చూడలేదు చూడలేదు అంటూ ఉంటుంది. ఆ కాయ కూర తిన్నవాళ్ళకు తాము ఎవరికి ఏం మాట ఇచ్చారో గుర్తుండదు. ఊరంతా తిన్నది.

"మీ ఆఫీసులో అదే కూర వండతారేమో సారూ" అన్నాడు ఇంటాయన.

అది ఎగతాళి అని నాకు తెలుసు. అయినా అంత సరైన మాట నా సీనియారిటీ గురించి అప్పటిదాకా ఎవరూ అనలేదు.

అన్నింటికన్నా నన్ను కుదిపేసింది తర్వాతి ఘట్టం. ముసలమ్మకు వయసు తీరింది. మృత్యువు వచ్చింది. గడప దగ్గర నిలబడి ఆమెను పరకాయించి చూసి, ఈ ఒళ్ళు ఇప్పటికే ఒకరికి మాట ఇచ్చినది, నేను ముట్టుకోకూడదని వెనక్కి తిరిగిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. కూతురు పోయింది. మనవరాళ్ళు ముసలివాళ్ళయి పోయారు. ముసలమ్మ మాత్రం ఆ తీగ కింద, ఆ కాయల గొణుగుడు వింటూ ఉండిపోయింది. చివరికి ఒక రోజు చేతికర్ర తీసుకుని, తనంతట తానే, గుమ్మడికాయ లేకుండా, కాలినడకన అడవిదారి పట్టింది.

అవ్వ చాపిన కాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది.

"పోనీలే, పోతా ఉండాది" అంది. "నేనైతే ముందే పోయుందును."

"నువ్వు గుమ్మడికాయలోనే పోయుందువు" అన్నాడు కొడుకు.

"నువ్వు ఊరుకోరా. నాయనా, రేపు సీక్కిరం రా ఆఫీసు నించి."

మర్నాడు త్వరగానే వచ్చాను. ముసలమ్మ పులి ముందుకు వచ్చి నిలబడింది. పులికి చూపు పోయింది. ఒంటి మీద ఒక్క చార లేదు, తెల్లవారే మబ్బులా ఉంది. తినడానికి లేవలేదు. నీ మాట తడవకుండా కాపాడాను అంది. వస్తానని చెప్పినదానివి, రానని చెప్పడానికైనా ఎందుకు రాలేదు అని అడిగింది. ముసలమ్మ కర్ర కింద పెట్టింది. పులి ఎదురుగా నేల మీద కూర్చుంది. నోరు తెరిచింది. నేను పుట తిప్పాను. అదే గొంతుతో, అదే ఊపులో చదివాను.

"మొవ్వునందు రంధ్రములు కనపడిన యెడల కొమ్ముపురుగు చేరినదని గ్రహింపవలెను. ఇనుప కొక్కెముతో పురుగును వెలుపలికి లాగి, రంధ్రమును ఇసుకతో నింపవలెను."

"ఎవురి మొవ్వులో?" అంది అవ్వ.

"చెట్టు మొవ్వులో. కొబ్బరిచెట్టు."

"పులి చెట్టెక్కిందా?"

"లేదవ్వా."

"మరి కొక్కెం యాడికి? పులిని లాగేదానికా?"

నేను తర్వాతి పుట చూశాను, ఆ తర్వాతిది చూశాను. చివరిదాకా కొబ్బరితోటలే, చీడలే, ఎరువులే. ఇంటాయన పుస్తకం అందుకుని, ఆ రెండు పుటలూ కలిపి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదిగో చూడండి సారూ, పురుగు దోవ. ఈ కాయితంలో దూరి ఆ కాయితంలో వచ్చింది. నేరుగా ఉండాది. తప్పేమీ లేదు."

అప్పుడు తెలిసింది ఆయన పనితీరు. అరవం పుస్తకమైనా ఫ్రెంచి పుస్తకమైనా పుటల అంకెలు చూసి వరస పెడతాడు. ఈ పుస్తకాల్లో అంకెలు కూడా తెలుగువే. అవి ఆయనకు రావు. అందుకని వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి పట్టాడు. పురుగు తొలిచిన రంధ్రాలు ఏ ఫారంలోనుంచి ఏ ఫారంలోకి పోయాయో చూసి, ఆ వరసన కుట్టాడు. పద్ధతి మంచిదే. కాని యానాం పెట్టెలో ఈ రెండు పుస్తకాలూ విడిపోయి, ఒకదాని మీద ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. పురుగు పులిలోంచి తిన్నగా కొబ్బరితోటలోకి పోయింది. ఈయన దాని వెనకే పోయాడు.

"నన్ను ఒక్క మాట అడగవలసింది కదండీ" అన్నాను.

"మీరు ఆఫీసుకు పోయి ఉంటిరి. పురుగు ఇంట్లోనే ఉండె."

"పురుగుకు కథ తెలుస్తుందా?"

"అది అక్షరం చూసి తింటాదా సారూ? దానికి తెలుగైనా ఒకటే, ఫ్రెంచి అయినా ఒకటే. మనకు మాదిరి కాదు."

అవ్వ ఇద్దరినీ ఊరుకోమంది. "అయితే ముసల్ది ఏమి బదులు చెప్పింది? అది యాడ ఉండాది?"

అది కొబ్బరి పుస్తకంలో ఉంది. పులి పుస్తకానికి కొబ్బరి వెనకసగం కుట్టినప్పుడు, కొబ్బరి పుస్తకానికి పులి వెనకసగం పడింది. అది అప్పటికే చదువుగదికి చేరింది. మర్నాడు తలుపులు తీయకముందే అక్కడ నిలబడ్డాను. కార్యదర్శి తాపీగా వచ్చాడు. కొబ్బరి పుస్తకం వ్యవసాయ శాఖ అధికారి తీసుకున్నారన్నాడు.

"రెండు పుస్తకాలూ తారుమారయ్యాయి" అన్నాను.

"రెండు ఇచ్చాం, రెండు వచ్చాయి. ఇంకేం కావాలండీ మీకు?" అన్నాడు.

అధికారి ఆంధ్రనుంచి వచ్చినవాడు. నేను ఆయన ఇంటికి వెళ్ళేసరికి వరండాలో సామాను మూటలు, తాళ్ళు బిగించిన పెట్టెలు. బదిలీ. లారీ వాకిట్లో ఉంది. నన్ను కూర్చోమనలేదు. కూర్చోవడానికి కుర్చీలు లేవు, నిజమే. కానీ కూర్చోమని అనడానికి కుర్చీ అక్కర్లేదు.

"సార్, మీ దగ్గరున్న కొబ్బరి పుస్తకంలో వెనకసగం కొబ్బరి కాదండీ, పులి" అన్నాను.

"ఏం పులి?"

"గుమ్మడికాయ కథలో పులి సార్. దాని తర్వాతి కథ."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ఏ డిపార్టుమెంటు?"

చెప్పాను.

"కన్ఫర్మ్ అయ్యారా?"

"ఇంకా తేలలేదు సార్."

అదీ సంగతి అన్నట్టు తలాడించాడు. ఆ తలాడింపు నేను ఈనాటికీ మరవలేదు. తర్వాత కొంచెం మెత్తబడి, "ఏ పెట్టెలో పెట్టారో మా ఆవిడకే తెలియదు. అక్కడ విప్పాక పోస్టులో పంపిస్తాలెండి" అన్నాడు.

"మాట ఇస్తున్నారా సార్?"

"ఇస్తున్నానయ్యా, ఇస్తున్నాను."

లారీ కదిలింది. మలుపు తిరిగేదాకా నేను ఆ వాకిట్లోనే ఉన్నాను.

తర్వాత జరిగినదాన్ని సాగదీయను. ఉత్తరాలు రాశాను. ఆయన ఆ జిల్లానుంచి ఇంకో జిల్లాకు మారాడు, అక్కడికీ రాశాను. ఒక ఉత్తరం చిరునామాదారు లేరని తిరిగొచ్చింది. ఒకసారి వాళ్ళ ఆఫీసునుంచి, మీరు రాసిన విషయం ఈ శాఖకు సంబంధించినది కాదని టైపు చేసిన రెండు వరసలు వచ్చాయి. దాన్ని నేను జవాబు అనను.

ఇంటాయన మంచి మనిషి. ఒక రోజు పుస్తకం అడిగి తీసుకుని, కొబ్బరి ఫారాలను జాగ్రత్తగా ఊడదీశాడు. బోలుగా ఉన్నచోట తెల్లకాయితాలు కుట్టమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఖాళీగానే ఉంచమన్నాను.

అవ్వ మాత్రం నేను ఆఫీసునుంచి రాగానే "వచ్చిందా నాయనా?" అని అడిగేది. పుస్తకం అని కూడా అనేది కాదు. కొన్నాళ్ళకు ఆమె మొహం చూడలేక, నేనే పూర్తి చేసి చెప్పేద్దామనుకున్నాను. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను.

"అవ్వా, ముసలమ్మ ఏమందంటే..."

"పుస్తకం వచ్చిందా?"

"రాలేదు. కానీ నాకు తోచింది..."

"నువ్వు ఊరుకో నాయనా" అంది చెయ్యి అడ్డం పెట్టి. "నువ్వు నా కోసరం తియ్యగా చెప్తావు. రాసినాయన తియ్యగా చెప్పే రకం కాదు. వానలో పులిని నిలబెట్టినాడు ఆయన. ఆయన ఏమి రాసినాడో అదే నాకు కావాల."

"నేను చెప్పేదా?" అన్నాడు కొడుకు. "పులి తినేసింది. కత సరి."

"నువ్వు పురుగు దోవ చూసుకో పో."

తెలుగు అక్షరం రాని ఆమె ఆ రచయితను నాకన్నా ఎక్కువ గౌరవించింది. నాకు కావలసింది ఊరట. ఆమెకు కావలసింది ఆ ముసలమ్మ నోటి మాట.

ఒక ఏడు ఆమెకు జ్వరం వచ్చి మంచం పట్టింది. చుట్టాలు వచ్చి తలా ఒకవైపు కూర్చున్నారు. నన్ను చూసి నవ్వింది.

"నాకేమీ కాదులే. నాకు రావాల్సిన బదులు ఒకటి ఉండాది గదా. వచ్చినోడు వాకిట్లోనే చూసి మళ్ళుకొని పోతాడు."

చుట్టాలకు అర్థం కాలేదు. ఇంటాయనకూ నాకూ అర్థమైంది. నిజంగానే జ్వరం తగ్గింది. తర్వాత చాలారోజులు, చూస్తిరా, నేను చెప్పలేదా అని మమ్మల్ని ఆటపట్టించింది. నేను పైకి నవ్వాను. లోపల మాత్రం, ఆ పుస్తకం నిజంగానే ఈ గడప దగ్గర కాపలా ఉందా అని ఒక్క క్షణం అనిపించింది. అది అంత బలమైన పుస్తకం.

ఆ తర్వాత పారిస్‌లో ఆమోదం జరిగిందన్నారు. ఊరు కాయితాల మీద కూడా మనదయింది. నా అర్జీకి జవాబు వచ్చింది. నేను అడిగిన తేదీనుంచి లెక్కపెట్టలేదు, దాని మీద నాకు ఇప్పటికీ తగాదా ఉంది. కానీ జవాబంటూ వచ్చింది. చేతులు మారిన ఆ ఏళ్ళలో తేలకుండా ఉండిపోయినవన్నీ ఒక్కొక్కటే తేలాయి. పులి ఒక్కటే తేలలేదు.

ఆ తర్వాతి వానాకాలంలో అవ్వ పోయింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకుని లేవలేదు. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి వీధి నిండా మనుషులు. అరుగు మీద స్తంభం పక్కన ఎవరూ కూర్చోలేదు, ఆ చోటు వదిలి అటూ ఇటూ కూర్చున్నారు. చేపలామె గంప దించకుండా నిలబడి ఉంది. నన్ను చూసి, చివరిదాకా చెప్పనే లేదు కదా అని అరవంలో అంది. నింద కాదు. అయినా అది నాకు తగలవలసిన మాట కాదు. ఎవరికి తగలాలో వారికి ఆనాడే ఉత్తరం రాసి తెలియజేశాను.

ఆ సగం పుస్తకం నా దగ్గరే ఉంది. ఏటా ఒకసారి చదువుతాను. ఇన్నేళ్ళూ నేను పులి తరఫున కోపగించుకున్నాను. దానికి తిండి దక్కలేదనీ, ముసలమ్మ దాన్ని పస్తు పెట్టిందనీ నా ఫిర్యాదు. రచయిత అంతకన్నా లోతుకు పోయాడు. ముసలమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డప్పుడు, అన్నేళ్ళ ఆకలి కడుపులో ఉంచుకుని, ఆ పులి తిండి అడగలేదు. ఎందుకు చెప్పలేదని మాత్రమే అడిగింది. ఆ పుటకు వచ్చిన ప్రతిసారీ, మొదటిరోజు ఆ బల్ల దగ్గర నిలబడిపోయినట్టే నిలబడిపోతాను. ఆ మనిషి ఎవరో, ఏ ఊరివాడో, ఇంకేమైనా రాశాడో తెలియదు. ఎదురుచూసేవాడి మనసు ఆయనకు ఎలా తెలిసిందో తెలియదు. నాకు తెలిసినంతలో, తెలుగులో అలాంటి పుట నేను మరొకటి చదవలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆ వ్యవసాయ అధికారి ఇది చదువుతుంటే ఆయనను, లేకపోతే ఆయన పెట్టెలు విప్పిన పిల్లలను, మనవలను. కొబ్బరి చీడల పుస్తకం ఒకటి మీ ఇంట్లో ఉంది. దాని వెనకసగంలో కొబ్బరి లేదు. అక్కడ మొదటి పుటలో, కర్ర కింద పెట్టి కూర్చున్న ముసలమ్మ పులితో ఒక మాట అంటుంది. పుస్తకం మీరే ఉంచుకోండి. దాని మీద నాకు హక్కుందని కూడా వాదించను. ఆ ఒక్క మాట, ఉన్నది ఉన్నట్టు, ఒక కార్డు మీద రాసి పంపండి. దయచేసి అనడం ఎప్పుడో మానేశాను. ఆమె పులికి ఏం చెప్పింది? జవాబు చెప్పండి.